పలక పలకాలంటే

పుస్తక సమీక్షల్లో మనందరికీ బాగా పరిచయమైన మాటలు కొన్ని ఉన్నాయి: ఆర్ద్రత, గాఢత, గుండె తడి. ఏ కథకైనా అతుకుతాయి, ఏ కథ గురించీ ఏమీ చెప్పవు. ఆడియో సమీక్షల్లో వీటికి చుట్టాలున్నాయి: వార్మ్, ఎయిరీ, మ్యూజికల్. "ఈ యాంప్‌కీ ఆ స్పీకర్‌కీ జోడీ అద్భుతంగా కుదిరింది" అని రాసేస్తారు, పెళ్ళిళ్ళ పేరయ్య జాతకాలు కలిపినంత ధీమాగా. ఎందుకు కుదిరింది, ఎక్కడ కుదరదు అన్నది ఉండదు. ఏ పరిస్థితిలో తప్పవుతుందో చెప్పలేని మాటని విమర్శ అనలేం. పైగా ఇక్కడ ఆ మాటని నమ్మితే పోయేది కొన్ని నెలల జీతం.

ఈ జోడీల మాట అన్నిటికంటే ఎక్కువగా వినపడేది ప్లానార్ స్పీకర్ల దగ్గర. మామూలు స్పీకర్ అంటే డబ్బా, అందులో కోన్. ప్లానార్‌కి డబ్బా ఉండదు. తలుపు రెక్కలా నిలబడ్డ ఒక పలక, దాని మీద బిగించిన పల్చటి ఫిల్మ్. ఆ ఫిల్మ్ మొత్తం ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం చేస్తుంది. ఇందులో రెండు వంశాలు. ఒకటి ఎలక్ట్రోస్టాటిక్: ఇంగ్లండ్‌లో పీటర్ వాకర్ క్వాడ్ కంపెనీ తరఫున 1957లో తెచ్చిన ఈఎస్ఎల్ దీనికి పెద్దక్క. రెండోది అయస్కాంతాల మీద నడిచేది: అమెరికాలోని మిన్నెసోటాలో జిమ్ వైనీ 1969లో మొదలుపెట్టిన మాగ్నెపాన్. సమీక్షకులు ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి "ప్లానార్లు కరెంట్ తాగేస్తాయి, రాక్షసుడి లాంటి యాంప్ కావాలి" అంటారు. పక్క పేజీలోనే ఇంకొకరు "ప్లానార్లకి ట్యూబ్ యాంపే ప్రాణం" అంటారు. రెండూ ఒకేసారి ఎలా నిజం? లెక్క వేసి చూద్దాం, పెద్ద లెక్కేం కాదు.

మాగ్నెపాన్ తన 1.7ఐ మోడల్‌కి ఇచ్చే అంకెలు: 4 ఓమ్‌లు, 2.83 వోల్టులకి 86 డెసిబెల్స్. ఇందులో చిన్న కిటుకు ఉంది. 2.83 వోల్టులంటే 8 ఓమ్‌ల స్పీకర్‌కి 1 వాట్, 4 ఓమ్‌ల దానికి 2 వాట్లు. అంటే ఒక్క వాట్‌కి వచ్చేది 83 మాత్రమే. రెండు స్పీకర్లు కలిస్తే 3 పెరుగుతుంది, మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే ఓ 6 తగ్గుతుందనుకుందాం. కుర్చీ దగ్గర 80. ప్రతి 10 డెసిబెల్స్‌కీ పది రెట్లు పవర్ కావాలి. కచేరీ రికార్డింగ్‌లో గొంతు ఉవ్వెత్తున లేచే చోట 95కి వెళ్ళాలంటే సుమారు 32 వాట్లు. 100కి వెళ్ళాలంటే 100 వాట్లు. ఇప్పటి సినిమా బీట్లతో కిటికీ అద్దాలు అదరాలి, 105 కావాలి అంటే 316. ఇక కరెంట్: 4 ఓమ్‌లలోకి 100 వాట్లు అంటే 5 ఆంపియర్లు. రాక్షసుడెవరూ అక్కర్లేదు, 4 ఓమ్‌ల దగ్గర నిజాయితీగా 100 వాట్లిచ్చే యాంప్ చాలు. కాబట్టి "ఏ యాంప్ కొనాలి?" అని అడిగేవాళ్ళని ముందు "ఏం వింటారు, ఎంత గట్టిగా వింటారు?" అని అడగాలి. సమీక్షల్లో సాధారణంగా కనిపించని ప్రశ్న ఇదే.

ఇప్పుడు ట్యూబ్ మహిమ. ట్యూబ్ యాంప్‌కి సొంత అంతర్గత నిరోధం, అదే అవుట్‌పుట్ ఇంపిడెన్స్, ఎక్కువ. 2 ఓమ్‌లనుకుందాం. మాగ్నెపాన్ లాంటి పలక కింది స్వరం నుంచి పై స్వరం దాకా దాదాపు ఒకే నిరోధం చూపిస్తుంది. అలాంటప్పుడు యాంప్ నిరోధం వల్ల మొత్తం శబ్దం కాస్త తగ్గుతుందే కానీ రంగు మారదు. పాత క్వాడ్ అలా కాదు. అది కెపాసిటర్ లాంటిది. కింది స్వరాల దగ్గర 30 ఓమ్‌ల పైన ఉండి, పైకి వెళ్ళేకొద్దీ 2 ఓమ్‌ల దాకా దిగిపోతుంది. 2 ఓమ్‌ల యాంప్ 2 ఓమ్‌ల పలకని ఎదుర్కొన్నప్పుడు వోల్టేజ్‌లో సగం యాంప్‌లోనే మిగిలిపోతుంది. కింది స్వరాలతో పోలిస్తే చిట్టచివరి పై స్వరాలు ఐదారు డెసిబెల్స్ పడిపోతాయి. సమీక్షకుడు దీన్నే "సిల్కీ" అంటాడు. ఆ మెత్తదనం నిజంగానే వినిపిస్తుంది, కాదనను. కానీ అది ట్యూబులో దాక్కున్న ఆత్మ కాదు, ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలోని వోల్టేజ్ డివైడర్.

ఎక్కువ వాట్లుంటే నష్టమేముంది అంటారా? క్వాడ్ ఈఎస్ఎల్ పుట్టినప్పుడు దాని తోడు 15 వాట్ల క్వాడ్ 2 ట్యూబ్ యాంప్. తర్వాత అదే కంపెనీ 1975లో 100 వాట్ల 405 తెచ్చినప్పుడు, పాత ఈఎస్ఎల్‌తో వాడేవాళ్ళ కోసం వోల్టేజ్‌కి కళ్ళెం వేయాల్సొచ్చింది. లేకపోతే ఫిల్మ్‌లో నిప్పురవ్వలు లేచి పలకకి చిల్లు పడుతుంది. జోడీ అనే మాటకి గట్టి అర్థం ఉన్నది ఇక్కడ. ఇది అభిరుచి కాదు, హద్దు.

ప్రీయాంప్ సంగతి ఇంకా విచిత్రం. దాని మీద ఖర్చుపెట్టేంత డబ్బు చాలామంది వినడానికి కొనే సంగీతం మీద పెట్టరు. 4 ఓమ్‌లలో 100 వాట్లు రావాలంటే 20 వోల్టులు కావాలి. మామూలు పవర్ యాంప్ శబ్దాన్ని ఇరవై రెట్లు పెంచుతుంది. అంటే దానికి 1 వోల్ట్ అందిస్తే చాలు. మన సీడీ ప్లేయరో డాకో ఇచ్చేదే 2 వోల్టులు. ఇంక ప్రీయాంప్ పెంచేదేముంది? తగ్గించడమే దాని పని, అంటే వాల్యూమ్ నాబ్. రికార్డ్ ప్లేయర్ ఉంటే సరే, దానికి ఫోనో దశ కావాలి. చూడాల్సిందల్లా ఇంకొకటి: పవర్ యాంప్ ఇన్‌పుట్ నిరోధం, ప్రీయాంప్ అవుట్‌పుట్ నిరోధానికి కనీసం పది రెట్లుండాలి. ట్యూబ్ ప్రీయాంప్ చివర 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండి, పవర్ యాంప్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లైతే 34 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ కోత పడుతుంది. అసలే కింది స్వరాల్లో పేదరాలైన పలకకి ఇది మీద పడిన మరో దెబ్బ. "ఈ ప్రీయాంప్‌లో బాస్ సంయమనంతో ఉంది" అని ఎవరైనా రాస్తే, ఆ రెండు అంకెలూ అడగండి.

ఇవన్నీ చూసుకున్నాక అసలు గండం మిగిలి ఉంటుంది. అది గది. నేనుండే జహీరాబాద్‌లో ఇళ్ళంటే కింద షాబాదు బండలు, పైన స్లాబు, చుట్టూ సున్నం గోడలు. చప్పట్లు కొడితే గది తిరిగి కొడుతుంది. పలక వెనక్కీ అంతే శబ్దం పంపిస్తుంది కదా. అది తలకిందులై గోడకి కొట్టుకొని మళ్ళీ ముందుకొస్తుంది. గోడకి మీటరు దూరంలో పెడితే రెండు మీటర్లు ఎక్కువ తిరిగి, సుమారు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. 170 హెర్ట్జ్ దగ్గర ముందు శబ్దాన్ని అది కొట్టేస్తుంది. మగ గొంతుకి నిండుదనం వచ్చేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. పలకని ఒక అడుగు జరిపితే ఆ గుంట ఇంకో చోటికి పోతుంది. సరిగా పనిచేసే రెండు యాంప్‌ల మధ్య ఉండే తేడా కంటే ఆ అడుగు తెచ్చే తేడా చాలా పెద్దది. ఒక మందపాటి జంపఖానా, పుస్తకాల బీరువా, ఆపేసిన ఫ్యాన్. వీటికి సమీక్షలు రావు, ఎందుకంటే ఇవి ఎవరూ పంపించే శాంపిల్స్ కావు.

మరి చెవికి, అభిరుచికి చోటే లేదా? ఉంది. 1950ల నాటి మన సినిమా పాటలు మోనోలో, కాస్త కీచుగా, సీడీల్లోకి ఎక్కాయి. ట్యూబ్ యాంప్, పాత క్వాడ్ కలిసి పై స్వరాలని తగ్గిస్తే ఘంటసాల గొంతు దగ్గరగా, హాయిగా అనిపించొచ్చు. అది మూలానికి విధేయత కాదు, ఒక వ్యాఖ్యానం. అనువాదకుడు కరుకు వాక్యాన్ని సాఫీ చేసినట్టు. తప్పేం లేదు, కానీ సాఫీ చేశానని చెప్పాలి. ఆ పని తక్కువ ఖర్చుతోనూ అవుతుంది. క్వాడ్ 33 ప్రీయాంప్‌లో టోన్ నాబ్‌లూ ఫిల్టర్లూ ఉండేవి, తర్వాతి 34లో శబ్దం మొత్తాన్ని త్రాసులా ఒక వైపు వంచే టిల్ట్ నాబ్ ఉండేది. "స్వచ్ఛత" పేరుతో ఆ నాబ్‌లు తీసేసి, అదే పని కోసం ఖరీదైన యాంప్‌లు మార్చుకుంటూ పోవడం నాకు కాస్త నవ్వొచ్చే వ్యవహారం.

అయితే దేనితో పోల్చాలి? 1954లో వార్ఫ్‌డేల్ కంపెనీ గిల్బర్ట్ బ్రిగ్స్, పీటర్ వాకర్ తోడుగా, లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో కళాకారుల చేత వాయింపించి, పక్కనే రికార్డింగ్ వినిపించాడు. నిండు సభ ముందు, తేలిపోతుందన్న భయం లేకుండా. మనకి అంత హాలు అక్కర్లేదు. జహీరాబాద్ పక్కన మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న సంగం రేడియో మొదలైంది. పల్లె ఆడవాళ్ళు, ఎక్కువగా దళిత మహిళలు, నడిపే స్టేషన్. విత్తనాల గురించి, పంటల గురించి మాట్లాడే ఆ గొంతులు చేతిలో పట్టే రేడియోలో విన్నా మనిషి మనిషిగానే తెలుస్తుంది, ఆమె యాసతో సహా. మాట బతికేది ఆ మధ్య స్వరాల్లోనే. పలక స్పీకర్ బలమంతా కూడా అక్కడే: డబ్బా మోత లేని గొంతు.

అందుకే షోరూమ్ వాళ్ళు వేసే డిస్కులతో తేల్చుకోకండి. మీ అమ్మ మాట్లాడుతుంటే ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డ్ చేసి పట్టుకెళ్ళండి. పలక అమ్మలా పలికితే ఆ జోడీ కుదిరినట్టే. పలకకపోతే ముందు దాన్ని గోడ నుంచి ఒక అడుగు జరిపించి మళ్ళీ వినండి, బిల్లు సంగతి ఆ తర్వాత.