ఒకటో దెబ్బ వదిలేయండి

బాబ్ మార్లే రెగ్గే బృందం వైలర్స్‌లో కార్ల్‌టన్ బ్యారెట్ డ్రమ్స్ వాయించిన వన్ డ్రాప్ పాట ఏదైనా పెట్టుకుని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేళ్లతో లెక్కపెట్టండి. ఒకటి దగ్గర పెద్ద డ్రమ్ము మోగదు. రాక్ పాటలోనైనా, మన సినిమా పాటలోనైనా కాలు గట్టిగా పడే చోట ఇక్కడ ఖాళీ. మూడు దగ్గరికి వచ్చేసరికి పెద్ద డ్రమ్ము మోత, స్నేర్ అంచు మీద కర్ర దెబ్బ కలిసి ఒక్కసారి పడతాయి. అదే వన్ డ్రాప్. ఆ ఖాళీకీ ఈ దెబ్బకీ నడుమ హైహ్యాట్ మీద కార్ల్‌టన్ మూడేసిగా విరిచి చల్లే చిన్న చిన్న దెబ్బలు వింటే, ఒక మనిషి చేతుల్లో ఇంత నిదానం, ఇంత చురుకు ఒకేసారి ఎలా ఉంటాయా అనిపిస్తుంది. అలా వాయించినవాడు ఆయనకు ముందు లేడు, తర్వాతా లేడు. జమైకా డ్రమ్మర్ స్లై డన్‌బార్ అభిమానులు నాతో వాదనకు వస్తారని తెలుసు. స్లై మహా ఘనుడే. అయినా నా ఓటు కార్ల్‌టన్‌కే.

త్యాగరాజ కృతులు వింటూ పెరిగిన చెవికి ఈ ఖాళీ మరీ కొత్తేమీ కాదు. తాళం మొదలయ్యాక ఒకటిన్నర అక్షరం ఆగి ఎత్తుకునే దేశాది కృతులు ఆయనవి ఎన్ని లేవు! సమం దగ్గర గొంతు మౌనంగా ఉన్నా లయ చెడదని మనకు ఎప్పటినుంచో తెలుసు. జమైకా సంగీతం వేరు, మన సంగీతం వేరు. ఆ ఓపిక మాత్రం రెండు చోట్లా ఒకటే.

హైదరాబాద్‌లో, విజయవాడలో, న్యూజెర్సీ అపార్ట్‌మెంట్లలో కూడా గిటారు, మైకు, ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్ ఉన్న పిల్లలు రెగ్గే పాటలు ఇంట్లో రికార్డు చేస్తున్నారు. ఈ నాలుగు మాటలు వాళ్ల కోసమే. మొదటి పాటగా ‘స్టిర్ ఇట్ అప్’ ఎంచుకోండి. బాబ్ మార్లే రాశాడు, వైలర్స్ 1967లో రికార్డు చేశారు. 1972లో జానీ నాష్ పాడి హిట్ చేశాడు. 1973లో వచ్చిన ‘క్యాచ్ ఎ ఫైర్’ ఆల్బమ్ కోసం వైలర్స్ మళ్లీ వాయించారు. ఎ, డి, ఇ, మూడే కార్డులు. ఒక పాటను మళ్లీ మళ్లీ వాయించడం జమైకాలో చిన్నతనం కానే కాదు. 1967లో స్టూడియో వన్‌లో పుట్టిన ‘రియల్ రాక్’ అనే ఒక్క వాద్య బాణీ మీద తర్వాత లెక్కలేనన్ని పాటలు వచ్చాయి. వాళ్లు దాన్ని వెర్షన్ అంటారు. ప్రతి వెర్షన్‌లోనూ వాయించినవాడి చెయ్యి కనబడాలన్నది అక్కడి నియమం.

ఇక గిటారు. ఈ పాట వేగం నిమిషానికి సుమారు 75. మెట్రోనోమ్ అలా పెడితే, పైన చెప్పిన లెక్కలో ఒకటి, మూడు దగ్గర టిక్కు పడుతుంది. మీ గిటారు దెబ్బ పడాల్సింది రెండు, నాలుగు దగ్గర, అంటే టిక్కుకీ టిక్కుకీ మధ్య. దీన్ని స్కాంక్ అంటారు. సన్నని మూడు తీగలు చాలు. కుడి చెయ్యి మీటిన మరుక్షణం ఎడమ చేతి వేళ్ల పట్టు సడలాలి, తీగ మీంచి మాత్రం వేళ్లు లేవకూడదు. వేడి పెనం మీద నీళ్లచుక్క పడితే చుయ్‌మని వినిపించి ఆగిపోతుంది చూడండి, కార్డు బతకాల్సింది అంతసేపే. కొత్తవాళ్లంతా తప్పేది ఇక్కడే. కార్డును మోగనిచ్చి మురిసిపోతారు, పాట బురదలో పడుతుంది. ఇంకో సంగతి, మొదటి నిమిషంలో ఎంత పొట్టిగా కొట్టారో నాలుగో నిమిషంలోనూ అంతే పొట్టిగా కొట్టాలి. అదే తపస్సు. ఒక ముక్క రికార్డు చేసి కంప్యూటర్లో అతికించుకుంటూ పోతే ఆ తపస్సు మీకు దక్కదు, వినేవాడికీ తెలిసిపోతుంది.

ఆర్గన్ ఈ దెబ్బల సందుల్లో రెండు చేతులతో బుడబుడలాడుతూ ఉంటుంది. బబుల్ అనే పేరు అందుకే వచ్చింది. కాస్త వెనకగా, వినీ వినబడనట్టు పెట్టండి. స్టూడియో వన్‌లో జాకీ మిట్టూ వాయించిన ఆర్గన్ విన్నాక ఇంకెవరి దగ్గరా పాఠం అక్కర్లేదు.

రెగ్గేలో పాడేది బేస్ గిటారు. ‘ఫ్యామిలీ మ్యాన్’ అని అందరూ పిలిచే ఆస్టన్ బ్యారెట్, కార్ల్‌టన్‌కు అన్న, తన మొదటి బేస్‌ను ప్లైవుడ్‌తో సొంతంగా చేసుకున్నాడని చెబుతారు. మార్లే పాటల్లో బేస్ గీతను విడిగా కూనిరాగంగా పాడుకోవచ్చు, అంత నిండుగా ఉంటుంది. ఇంట్లో దానికి యాంప్లిఫయర్ కూడా వద్దు. నేరుగా ఇంటర్‌ఫేస్‌కు తగిలించండి, గిటారు మీది టోన్ బటన్ పూర్తిగా తగ్గించండి, వేళ్లను మెడకు దగ్గరగా పెట్టి మెత్తగా మీటండి. మిక్స్‌లో మీకు సబబు అనిపించినదానికంటే ఇంకొంచెం పెంచండి. స్వరం ఎక్కడ మొదలవ్వాలో అందరూ చూసుకుంటారు. ఎక్కడ ఆగాలో కూడా చూసుకునేవాడే బేస్ వాద్యకారుడు.

పెద్ద స్టూడియో లేదని దిగులు పడేవాళ్లు కింగ్ టబ్బీని తలుచుకోవాలి. అసలు పేరు ఓస్బోర్న్ రడక్, కింగ్‌స్టన్‌లోని వాటర్‌హౌస్‌లో ఎలక్ట్రానిక్ సామాన్లు బాగుచేసే మనిషి. డ్రోమిలీ అవెన్యూలోని ఇంట్లోనే స్టూడియో పెట్టాడు. గాయకులు పాడింది స్నానాల గదిలో! డైనమిక్ స్టూడియో వదిలించుకున్న పాత ఎంసీఐ మిక్సర్ తెచ్చి, దాని మీదున్న ఒక ఫిల్టర్ బటన్‌నే వాద్యంగా మార్చాడు. గొంతును హఠాత్తుగా తీసేసి, డ్రమ్మూ బేసూ మాత్రం ఉంచి, ఒక్క స్నేర్ దెబ్బను ఎకోలోకి విసిరి, అది దూరమవుతుండగా గిటారును మళ్లీ లోపలికి పిలిచేవాడు. డబ్ అంటే ఇదే. అగస్టస్ పాబ్లో మెలోడికాతో చేసిన ‘కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’ వినండి. అందులో వినిపించే ఈ పనులన్నీ అప్పటికప్పుడు చేత్తో చేసినవే. నిర్మాత లీ పెర్రీ కూడా తన పెరట్లోని బ్లాక్ ఆర్క్‌లో నాలుగు ట్రాకుల టేపు మీదే ‘పోలీస్ అండ్ థీవ్స్’ లాంటి అద్భుతాలు చేశాడు. మీ ల్యాప్‌టాప్ ఎన్ని ట్రాకులు ఇస్తుందో ఒకసారి చూసుకోండి.

ఎకోకు లెక్క సులువు. వేగం 75 అయితే టిక్కుకీ టిక్కుకీ మధ్య 800 మిల్లీసెకన్లు. డిలేని 600 దగ్గర పెడితే తిరిగొచ్చే మోత దెబ్బల సందుల్లో పడుతుంది. పాటంతా ఎకో పూయకండి. ఒక మాట చివర, ఒక స్నేర్ దెబ్బకు, అంతే. ఎకో బటన్‌ను పాట నడుస్తుండగా చేత్తో తిప్పండి.

ఇంత చెప్పాక కోపం ఆపుకోలేని చోటికి వస్తున్నాను. కీబోర్డులో రెగ్గే అని రాసిన బటన్ నొక్కి, దాని మీద సినిమా పాట పాడి, ‘రెగ్గే మిక్స్’ అని పేరు పెట్టేవాళ్లు ఎక్కువైపోయారు. అందులో రెండు, నాలుగు దగ్గర టక్‌టక్‌మనే శబ్దం ఉంటుంది, ఇంకేమీ ఉండదు. 1985లో వేన్ స్మిత్ పాడిన ‘స్లెంగ్ టెంగ్’ కూడా క్యాసియో కీబోర్డులో దాచి ఉన్న లయేగా అని కొందరు వాదిస్తారు. నిజమే. కానీ నిర్మాత కింగ్ జామీ దాని వేగం తగ్గించి, దాన్ని కొత్త పాటకు పునాది చేసి, జమైకా సంగీతం దారినే మళ్లించాడు. యంత్రం మీద నాకు కోపం లేదు, వినకుండా నొక్కే వేలి మీదే కోపం.

రెండో జబ్బు దొంగ యాస. జమైకా పటువా ఒక జాతి మాట, బానిసత్వం కింద నలిగినవాళ్లు నిలబెట్టుకున్న మాట. దాన్ని వేషంలా తగిలించుకుని పాడటం అవమానం. మన శ్రీకాకుళం యాసనో తెలంగాణ మాటనో తెలియనివాళ్లు నవ్వులకు వాడితే మనకు ఎంత మండుతుందో గుర్తు చేసుకోండి. మీ నోటికి వచ్చిన ఇంగ్లిష్‌లోనే పాడండి, పాట ఏం చిన్నబోదు.

2018లో యునెస్కో జమైకా రెగ్గేను మానవాళి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. అదే సంగీతాన్ని నిలబెట్టిన ఫ్యామిలీ మ్యాన్ రాయల్టీల కోసం లండన్ కోర్టుకెక్కి 2006లో ఓడిపోయాడు. కార్ల్‌టన్ 1987లో, టబ్బీ 1989లో హత్యకు గురయ్యారు. ఫ్యామిలీ మ్యాన్ 2024లో వెళ్లిపోయాడు. స్టూడియోల్లో పాటకింత అని కూలి తీసుకుని వాయించిన ఎందరి పేర్లో రికార్డుల మీద అచ్చు కూడా కాలేదు.

అందుకే ఒక్కటి అడుగుతున్నాను. మీ ‘స్టిర్ ఇట్ అప్’ను నలుగురికీ వినిపించేటప్పుడు, మార్లే పేరు కింద బేస్ ఆస్టన్ బ్యారెట్, డ్రమ్స్ కార్ల్‌టన్ బ్యారెట్ అని కూడా రాయండి.