అత్తగారి వైపు నుంచి

సినిమాతారల సంసారం అనగానే మనకు కన్నీళ్ళు కావాలి. హాలీవుడ్‌లో లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ దంపతులు ఇద్దరి పేర్లూ కలిపి ‘డెసిలూ’ అని కంపెనీ పెట్టారు. టెలివిజన్‌లో మొగుడూ పెళ్ళాలుగా దేశమంతటినీ నవ్వించారు. తీరా 1940లో చేసుకున్న పెళ్ళి 1960లో విడాకులతో ముగిసింది. ఇలాంటి సంగతులైతే మనం రెండోసారి కూడా చదువుతాం!

మన భానుమతిగారి తీరు వేరు. 1943లో, ‘కృష్ణప్రేమ’కు సహాయ దర్శకుడైన రామకృష్ణారావుగారిని ఏరికోరి చేసుకున్నారు. కొడుకు భరణి, కంపెనీ భరణీ పిక్చర్స్. భర్త దర్శకత్వంలో ‘లైలా మజ్ను’ (1949), ‘విప్రనారాయణ’ (1954)లలో నటించారు. 1953లో ‘చండీరాణి’కి తనే దర్శకురాలయ్యారు. అంతటి ఆవిడ కలం పట్టి మనల్ని నవ్వించింది మాత్రం స్టూడియో కబుర్లతో కాదు, ‘అత్తగారి కథలు’తో.

మొన్నో మధ్యాహ్నం, మెదకులో కరెంటు పోయిన వేళ, ఆ పుస్తకం మా అత్తమ్మకు చదివి వినిపించాను. మడీ, ఆవకాయా, ఆ హడావుడీ వింటూ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అంతా అయ్యాక అడిగింది కదా, “గదంత మంచిగనే ఉన్నది గానీ బిడ్డా, కోడలు షూటింగుకు వోతే ఇల్లెవలు జూసిన్రు?”

నా నోట మాట రాలేదు. జవాబు పుస్తకంలోనే ఉంది. ఆ నవ్వుల మాటున ఇల్లంతా అత్తగారి చేతుల మీదే నడుస్తూ ఉంటుంది.

తెరమీద గయ్యాళి అత్తలకు అలవాటుపడ్డ మనకు, చాదస్తమున్నా మనసు వెన్నలాంటి అత్తగారిని ఇచ్చినందుకు భానుమతిగారికి దణ్ణం పెట్టాలి. వేళాకోళం ఉంది గాని ద్వేషం లేదు. అయినా ఒక లోటు. నవ్వే హక్కు ఎప్పుడూ కోడలిదే. కోడలి గురించి అత్తగారు ఏమనుకుని నవ్వుకున్నదో మనకు తెలియదు.

భానుమతిగారినే అనడం దేనికి? నా నవలల్లో ఎందరు గయ్యాళి అత్తలు! అవి వ్రాస్తున్నంతసేపూ మా వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉండేది.

ఆ సాయంత్రం చాయ్ నేనే పెట్టాను. అత్తమ్మ ఒక్క గుక్క తాగి, “చక్కెర తక్కువైంది” అంది.

ఆవిడ కథ ఆవిడే వ్రాస్తే, బహుశా అలాగే మొదలుపెడుతుంది.