వర్ధమానం ఎన్నేళ్లు?

ఈ మధ్య నరసరావుపేటలో ఒక కవితా సభకి వెళ్లాను. వేదిక మీద నా పక్కన కూచున్నావిడకి యాభై రెండేళ్లు. మాచర్ల దగ్గర పల్లె. సొంత డబ్బుతో రెండు కవితా సంపుటాలు వేసుకుంది. నిర్వాహకుడు ఆవిడని "వర్ధమాన కవయిత్రి" అని పరిచయం చేశాడు. ఆ తర్వాత పిలిచిన కుర్రాడికి ఇరవై ఆరేళ్లు, ఒకే పుస్తకం. అతను మాత్రం "విలక్షణ కవి". సభ అయ్యాక టీ తాగుతూ "అక్కా, మీకు కోపం రాలేదా?" అన్నాను. "ఇరవయ్యేళ్లుగా వర్ధమానంలోనే ఉన్నానమ్మా. ఎప్పటికి ఎదుగుతానో వాళ్లే చెప్పాలి" అని నవ్వింది.

కొత్తగా రాస్తున్నవాళ్లు ఆ దశ ఎప్పుడు దాటతారు? దాటించేది ఎవరు? దీనికి కొంత జవాబు ఆ ఊరి చరిత్రలోనే ఉంది. 1944లో కుందుర్తి ఆంజనేయులు, బెల్లంకొండ రామదాసు, ఏల్చూరి సుబ్రహ్మణ్యం కలిసి 'నయాగరా' అనే కవితా సంపుటి తెచ్చారు. కుందుర్తి అప్పటికి ఇరవైల మొదట్లో ఉన్నాడు. ఆ ఒక్క పుస్తకంతో ముగ్గురూ 'నయాగరా కవులు' అయ్యారు. అభ్యుదయ కవిత్వం గురించి రాసేవాళ్లెవరూ ఆ పేరు దాటి పోలేరు. కుందుర్తి అక్కడితో ఆగలేదు. 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టి వచన కవిత్వానికి బలమైన వేదిక కల్పించాడు. 1977లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడు. తలుపు తట్టినవాడు తలుపు తీసేవాడయ్యాడు.

వాళ్ల కవిత్వాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. నేను అడిగేది వేరు. ఒక గుంపు తయారవాలంటే సాయంత్రాలు ఖాళీగా ఉండాలి. ఎవరింటి అరుగు మీదో పొద్దుపోయేదాకా కూచుని ఒకరి కవితని ఒకరు చీల్చి చెండాడాలి. ఆలస్యంగా ఇల్లు చేరితే అన్నం మూతపెట్టి ఉంచే మనిషొకరు ఉండాలి. అదే ఊళ్లో, అదే ఏడు, ఏ ఆడపిల్లకి ఇవన్నీ దొరికి ఉంటాయి?

ఆడవాళ్లకి పత్రికలు లేవని కాదు. 1902లో 'హిందూసుందరి' వచ్చింది. 1928లో మద్రాసు నుంచి కేసరిగారు 'గృహలక్ష్మి' మొదలుపెట్టారు, రచయిత్రులకి స్వర్ణకంకణం ఇచ్చి గౌరవించారు. ఆ గౌరవం చిన్నది కాదు. కానీ కంకణం ఒక్కొక్కరి చేతికే పడుతుంది. నేను చదువుకున్న సాహిత్య చరిత్రల్లో 'నయాగరా కవులు' కనిపించారు కానీ 'గృహలక్ష్మి కవయిత్రులు' అనే అధ్యాయం కనిపించలేదు.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. 1912లో షికాగోలో హారియెట్ మన్రో అనే కవయిత్రి చందాలు పోగుచేసి 'పొయెట్రీ' పత్రిక పెట్టింది. కొత్తవాళ్లకి తలుపులు తెరిచే ఉంటాయంది, రాసినవాళ్లకి డబ్బిచ్చింది. ఎలియట్‌ని ప్రపంచానికి చూపించిన ప్రూఫ్రాక్ కవిత 1915లో అందులోనే అచ్చయింది. ఎలియట్‌ని పాఠంగా చదివాం. మన్రో కవితలు మనలో ఎంతమందిమి చదివాం? 1980లో బార్బరా స్మిత్, ఆడ్రీ లార్డ్ వంటి నల్లజాతి రచయిత్రులు సొంత ప్రచురణ సంస్థ పెట్టుకుని దానికి 'కిచెన్ టేబుల్' అని పేరు పెట్టారు. ఇంకొకళ్ల పేజీల్లో చోటు దొరికితే చాలదని వాళ్లకి అర్థమైంది.

మనకీ అలాంటి ఘడియ ఒకటి వచ్చింది. 1990లో 'గురిచూసి పాడేపాట', 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చాయి. ఆ కవయిత్రులని బూతు రాతలు రాస్తున్నారని తిట్టారు. తిట్టారు గానీ, వీపు తట్టి "వర్ధమాన" అనలేదు. గుంపుగా వచ్చినవాళ్లని చదవక తప్పలేదు. స్త్రీవాదంలో తమ చోటెక్కడని దళిత స్త్రీలు నిలదీశారు. తర్వాత గోగు శ్యామల 'నల్లపొద్దు'తో ఎనభై ఏళ్ల దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒక్కచోటికి తెచ్చింది.

ఇంతా ఆలోచించి ఆవిడ రెండో సంపుటి అల్మరాలోంచి తీశాను. దానికి ముందుమాట నాదే. రెండో పేరాలో నా అక్షరాలే: "ఈ వర్ధమాన కవయిత్రి కలం మరింత పదునెక్కాలి." సిగ్గేసింది. నిర్వాహకుడు ఆ మాట నా ముందుమాటలోంచే తీసుకుని ఉండొచ్చు.

మిరపకోత మీద ఆవిడ రాసిన కవితని నేనప్పుడు "కష్టజీవుల వేదన" అని తేల్చేశాను. మళ్లీ చదివితే అందులో వేదన తక్కువ, లెక్క ఎక్కువ. కల్లంలో ఎన్ని బస్తాలు, ఎంత కూలి, మేస్త్రీ ఎంత కోశాడు. మండే వేళ్లతో చంటిబిడ్డని ఎత్తుకోలేకపోవడం కూడా ఆ లెక్కలో ఒక పద్దుగానే వస్తుంది. జాలి అడగని కవిత అది. పల్నాటి యాస అందులో అలంకారం కాదు, బేరమాడే గొంతు. చివరి చరణం మాత్రం బాగాలేదు. అంతదాకా లెక్కలడిగిన మనిషి హఠాత్తుగా ఉపన్యాసం ఇస్తుంది. అయిదేళ్ల కిందట ఆ సంగతి నేను చెప్పలేదు. కొత్తగా రాస్తోంది, నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. అది దయ కాదు, చదవకపోవడం.

మన పత్రికలు కవితలు వేస్తున్నాయి, సంతోషం. వేసిన కవిత గురించి ఒక పేజీ విమర్శ కూడా వెయ్యాలి. విమర్శ లేనిచోట ఎంతకాలం రాసినా కొత్తవాళ్లుగానే మిగిలిపోతాం.

ఆవిడ మూడో పుస్తకం సిద్ధమైంది. ముందుమాట అడిగింది. "ఈసారి ముందుమాట వద్దక్కా, పుస్తకం వచ్చాక సమీక్ష రాస్తాను. బాగాలేనివి కూడా చెప్తాను" అన్నాను.

"తిట్టినా పర్లేదమ్మా, చదివి తిట్టు" అంది.