చిన్నదే ఎక్కువ తంతుంది

మొన్నామధ్య మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, గ్రీన్ కార్డు వచ్చేసిందిగా, ఒక గన్ను కొనుక్కుందామనుకుంటున్నా. హ్యాండ్‌బ్యాగులో పట్టేంత చిన్నది, చెయ్యి అదరనిది ఏదైనా ఉంటే చెప్పు" అంది. డాలస్ శివార్లలో అల్లుడూ అదీ కలిసి చిన్న స్టోరు తీసుకున్నారు. రాత్రి పదకొండుకు గల్లా లెక్క చూసుకుని చీకట్లో కారు దాకా ఒక్కతీ నడవాలి. ఎందుకే నీకు గన్ను అని నేను అడగలేదు. ఆ నడక నేనూ నడిచినదాన్నే.

గ్రీన్ కార్డు సంగతి అది ఊరికే ఎత్తలేదు. హెచ్1బి వీసా మీద ఉన్నవాళ్లు గన్ను కలిగి ఉండటానికి ఇక్కడి కేంద్ర చట్టం ఒప్పదు. హంటింగ్ లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయంతే. సరదాగా షూటింగ్ రేంజికి వెళ్లి అద్దె గన్నుతో ఫొటో దిగే మన కుర్రాళ్లలో చాలామందికి ఈ ముక్క తెలియదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి ఇరవయ్యొక్కేళ్లు నిండి, చట్టం అడ్డు లేనివాళ్లు పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. అయినా లైసెన్సు తీసుకొమ్మనే నేను చెబుతాను. దానికో పరీక్ష ఉంది, ఆ పరీక్ష మనకే మంచిది.

ఇక అది అడిగిన రెండు కోరికలూ ఒక ఒరలో ఇమిడేవి కావు. తూటా ఎంత ఊపుతో ముందుకు పోతుందో గన్ను అంత ఊపుతోనూ వెనక్కి వస్తుంది. అదే తూటాని సగం బరువున్న గన్నులో పెట్టి కాల్చండి, వెనక్కి తన్నే శక్తి రెట్టింపవుతుంది. వంటింట్లో చూసిందే. పెద్ద రోట్లో ఎంత దంచినా రోలు కదలదు. చిన్న కల్వంలో రెండు యాలకులు దంచితే కల్వం గట్టంతా గెంతుతుంది.

నా మొదటి గన్ను అలాంటి కల్వమే. కౌంటరు వెనకున్న కుర్రాడు "ఆడవాళ్లకి ఇది బావుంటుంది మేడమ్" అని వంకాయరంగు పిడి ఉన్న బుల్లి పిస్టల్ చేతిలో పెట్టాడు. పావుకిలో, ఆపైన ఇంకాస్త. ముద్దుగా ఉంది, కొనేశాను. రేంజిలో మొదటి తూటాకే గాజులు మణికట్టు మీంచి మోచేతి దాకా గలగలా ఎగబాకాయి. పదో తూటాకి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చర్మం కందింది. ఇరవై దాటాక గురి పెట్టినచోట ఒక్కటీ పడలేదు, అన్నీ కిందికే.

నాకు నేర్పినావిడ డెబ్బై దాటిన మనిషి, రిటైరైన టీచరు. ఆవిడ నాకు చెప్పకుండా మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటా కలిపిపెట్టింది. నేను ట్రిగ్గర్ నొక్కాను. టక్ మంది, పేలలేదు. కానీ పిస్టల్ మూతి మాత్రం రెండంగుళాలు కిందికి వంగిపోయింది. దెబ్బ పడకముందే నా చెయ్యి దెబ్బకి భయపడి దాన్ని కిందికి నొక్కేస్తోందన్నమాట. సిగ్గుతో చచ్చాను. ఆ జంకు వదలడానికి ఆరు నెలలు పట్టింది. అదీ చిన్న తూటాల .22 గన్నుతో మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టాక.

అందుకే ఏ తూటా గొప్పది అన్న వాదాల్లోకి నేను దిగను. తూటాల డబ్బాలో యాభై ఉంటాయి. టెక్సస్ లైసెన్సు పరీక్షలోనూ యాభయ్యే: మూడు గజాల నుంచి ఇరవై, ఏడు గజాల నుంచి ఇరవై, పదిహేను గజాల నుంచి పది. ఆ డబ్బా ఖాళీ అయ్యేదాకా ఒక శనివారం పొద్దున నీ చెయ్యి ఆ గన్నుని భరిస్తుందా? భరించకపోతే నువ్వు సాధన చెయ్యవు, అది సొరుగులో పడుంటుంది.

తన్నుడు ఒక్కటే అయితే ఏదోలా సర్దుకోవచ్చు. స్లైడు లాగడం ఇంకో యజ్ఞం. మొదటి తూటా గొట్టంలోకి ఎక్కాలంటే పైనున్న స్లైడును పూర్తిగా వెనక్కి లాగి వదలాలి. నాలా వేళ్ల కీళ్లు పట్టేసిన వాళ్లకి అక్కడే చుక్కలు కనిపిస్తాయి. పిస్టల్ చిన్నదైతే స్లైడు స్ప్రింగు కూడా మెత్తగా ఉంటుందనుకుంటాం. చాలాసార్లు తిరగబడుతుంది. జేమ్స్ బాండ్ వాల్తర్ పి.పి.కె. ఉందే, 1931 నాటిది, దాంట్లో గొట్టం కదలదు. పేలుడు ఊపును ఆపేవి స్లైడు బరువూ స్ప్రింగూ మాత్రమే. అందుకని స్ప్రింగు బిగువుగా ఉండితీరాలి, .380 తూటాకే చేతిలో చురుక్కుమంటుంది. గొట్టమూ స్లైడూ ఒకదానికొకటి లాకై కాస్త దూరం కలిసి వెనక్కి వెళ్లి, ఆ తర్వాత విడిపోయే రకాల్లో స్ప్రింగు మెత్తగా పెట్టుకోవచ్చు. 2018లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన షీల్డ్ ఈజీ .380 ఆ జాతిదే. బరువు అరకిలో దాటుతుంది, ఎనిమిది తూటాల మ్యాగజైన్. స్లైడు నా చేతికీ వస్తుంది. మ్యాగజైన్ పక్కన చిన్న బుడిపె ఉంటుంది, దాన్ని కిందికి లాగి పట్టుకుంటే తూటాలు నింపడానికి బొటనవేలు నొప్పెట్టదు. ఇప్పుడు నా దగ్గరున్నది అదే కనక పక్షపాతం ఉంటే క్షమించండి.

స్లైడు గొడవే వద్దనుకుని రివాల్వర్ వైపు వెళ్లేవాళ్లున్నారు. అక్కడ ట్రిగ్గర్ గట్టి. పైగా అల్యూమినియం ఒంటి బుల్లి రివాల్వర్లో .38 పెట్టి కాలిస్తే నా వంకాయరంగుదే నయమనిపిస్తుంది. .22 రివాల్వర్ తన్నుడు మెత్తన, ఎనిమిది తూటాలు పడతాయి. కాకపోతే .22 తూటాలో నిప్పు రాజేసే మందు అడుగున అంచు చుట్టూ ఉంటుంది, అప్పుడప్పుడూ అంటుకోదు. రివాల్వరైతే ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కితే పక్క తూటా వస్తుంది, అంతే. పెద్దవాళ్లకి నేను చెప్పేది ఆ .22 రివాల్వరే. అంత చిన్న తూటా చాలదంటూ మా రేంజిలో మీసాలు మెలేసేవాళ్లు బోలెడుమంది.

.22కీ .38కీ నడుమ .32 ఉంది. ఇక్కడ దాన్ని పాతకాలం సరుకంటారు, మన దేశంలో లైసెన్సున్న వాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేది అదే. 2014లో కాన్పూరులో ఆడవాళ్ల కోసమని చేసిన నిర్భీక్ కూడా .32 రివాల్వరే. బరువు అరకిలో, అప్పటి ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. ధర చూసి నవ్వినవాళ్లు ఎక్కువ. ఆ బరువుకి ఆ తూటాని ఎంచినవాడికి మాత్రం చేతుల సంగతి తెలుసు.

హ్యాండ్‌బ్యాగు మాటకొస్తే నేను మొండిదాన్ని, వద్దంటే వద్దు. మన ఇళ్లలో ఆడవాళ్ల బ్యాగు ఊరుమ్మడి సొత్తు. పుట్టినరోజు పార్టీలో నలుగురు పిల్లలు చాక్లెట్ల కోసం నా బ్యాగు బోర్లించిన రోజులున్నాయి. తూటా నింపిన గన్ను పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి అందేలా అజాగ్రత్తగా వదలడం టెక్సస్‌లో నేరం. చట్టం మాట అటుంచండి, ఆ ఊహకే నాకు నిద్ర పట్టదు. పాండవులు సైతం ఆయుధాల్ని మూటగట్టి ఎవరికీ అందని చెట్టుకొమ్మ మీద పెట్టారు, ఆ మూటని శవమని చెప్పి మరీ.

నిన్న అక్క కూతుర్ని రేంజికి తీసుకెళ్లాను. గాజులు తీయించాను, మెడ దాకా మూసిన టీషర్టు వేయించాను. కాలుతున్న ఇత్తడి తొడుగు నా జాకెట్లో పడ్డ రోజు నేనేసిన గెంతులు రేంజివాళ్లు ఇంకా మర్చిపోలేదు. ముందు బుల్లిది ఇచ్చాను. అయిదు కాల్చి కింద పెట్టి, అరచెయ్యి ప్యాంటుకేసి రుద్దుకుంటూ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. తర్వాత నాది ఇచ్చాను. ఒక మ్యాగజైన్, ఇంకొకటి, మరొకటి. మాట్లాడుకోకుండానే డబ్బా అయిపోయింది.

"బావుంది పిన్నీ, కానీ ఇది నా బ్యాగులో పట్టదు."

"పట్టకూడదనే."

"మరి చుడీదార్ మీద ఎక్కడ పెట్టుకోను?"

ఇద్దరం నా కారెక్కి బెల్టులు అమ్మే షాపుకి వెళ్లాం. అక్కడ ఆడవాళ్ల బెల్టులన్నీ చిటికెనవేలంత వెడల్పున్నాయి, అరకిలో బరువు మోసేది ఒక్కటీ లేదు. మగవాళ్ల వరసలో ఒకటి దొరికింది. దాని నడుముకి సరిపోవడానికి ఇంకో మూడు కన్నాలు పొడిపించాం.