హద్దురాయి కదిలితే

కోవిడ్ రోజుల్లో, ఎన్ని రెట్టింపుల తర్వాత వైరస్ జన్యువు కనబడిందో చెప్పే సీటీ విలువ గురించి మాట్లాడుకోని ఇల్లు లేదు. "మీకెంత వచ్చింది?" అని ఫోన్లలో ఆరా తీసినవాళ్ళెవరూ అదే పరీక్షలో కొలిచిన ఇంకో జన్యువును పట్టించుకోలేదు. చాలా కిట్లలో వైరస్ జన్యువులతో పాటు మనిషి జన్యువు ఒకటి, తరచుగా ఆర్‌నేజ్ పీ, ఉండేది. అది పలకకపోతే నమూనా తీయడంలోనో పరీక్షలోనో తేడా ఉందని అర్థం. మా పనంతా అలాంటి రెండో జన్యువు చుట్టూనే.

శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే మా ల్యాబుండే జీనోమ్ వ్యాలీ. పేరులో జీనోమ్ ఉన్నా దానికి పేరు తెచ్చింది టీకాలే. కోవాగ్జిన్ ఇక్కడిదే. టీకాలవాళ్ళకు చల్లదనమే ప్రాణం. మా బల్ల మీదికొచ్చేవి మాత్రం బీరువాల్లో ఏళ్ళ తరబడి గది వేడికి పడివున్న పారఫిన్ బ్లాకులు. ఒక్కోదాంట్లో ఎవరిదో క్యాన్సర్ గడ్డ నుంచి కోసిన ముక్క.

ఫార్మలిన్ కణం ఆకారాన్ని నిలబెడుతుంది, అందుకే పాథాలజిస్టుకు అదంటే ప్రాణం. జన్యువు ఎంత చురుగ్గా ఉందో చెప్పే ఆర్‌ఎన్‌ఏకు మాత్రం అది శత్రువు. దాన్ని ప్రొటీన్లతో ముడేస్తుంది, బ్లాకు పాతబడేకొద్దీ ఆర్‌ఎన్‌ఏ తుంపులవుతుంది. ముక్కకు పదింతలు ఫార్మలిన్ పోయాలి. రొమ్ము గడ్డయితే 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా నాననివ్వాలి. పెద్ద గడ్డను ఇరుకు మూతి డబ్బాలో కుక్కి పంపితే నడిమధ్యకు ఫార్మలిన్ చేరేలోపే కణాలు చెడిపోవడం మొదలవుతుంది. ఆ డబ్బా ఎంతసేపు ఎక్కడుందో బ్లాకు మీద రాసి ఉండదు.

ఇలాంటి ముక్కలో ఫలానా జన్యువు ఎంత చురుగ్గా ఉందో చెప్పాలంటే, చురుకు మారని ఇంకో జన్యువుతో పోల్చి చెప్పాలి. మేడ్చల్ వైపు ప్లాటు కొన్నవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. సర్వేయర్ కొలత హద్దురాయి నుంచి మొదలవుతుంది, రాత్రికి రాత్రి ఎవరైనా రాయి జరిపితే కొలత ఎంత పక్కాగా ఉన్నా ప్లాటు పక్కవాడి పొలంలో తేలుతుంది.

"అందరూ గ్యాప్‌డీహెచ్‌నే పోలికకు పెట్టి పేపర్లు రాశారు కదా మేడమ్" అంటారు కొత్తగా చేరిన పిల్లలు. రాశారు, నిజమే. కానీ గ్యాప్‌డీహెచ్ చక్కెరను విరగ్గొట్టే ఎంజైము, గడ్డలేమో చక్కెరను విపరీతంగా కాల్చేస్తాయి. ఆక్సిజన్ అందని చోట ఆ జన్యువు ఇంకా పెరుగుతుంది. గడ్డలో దాని సీటీ ఒక్క అంకె తగ్గిందంటే రెట్టింపయిందన్నమాట. అప్పుడు మనం వెతుకుతున్న జన్యువు ఏమీ మారకపోయినా సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది.

2004లో వెలువడిన రొమ్ము క్యాన్సర్ పరీక్ష ఆన్‌కోటైప్ డీఎక్స్ ఇలాంటి పారఫిన్ బ్లాకుల మీదే నడుస్తుంది. అందులోని 21 జన్యువుల్లో ఐదు కేవలం పోలిక కోసమే. గ్యాప్‌డీహెచ్ అక్కడా ఉంది. కాకపోతే దాన్నొక్కదాన్నే నమ్ముకోలేదు, పక్కన బీటా యాక్టిన్, ఇంకో మూడు. నాకు గ్యాప్‌డీహెచ్ మీద పగేమీ లేదు, పరీక్ష రాయించకుండా ఉద్యోగమివ్వడమే నచ్చదు.

జనం తక్కువగా పట్టించుకునే మెలిక ఇంకొకటుంది. పోలిక జన్యువులో 150 అక్షరాల తునకను, అసలు జన్యువులో 70 అక్షరాల తునకను కొలిచామనుకోండి. పాత బ్లాకులో పొడుగు తునకలే ముందు విరిగిపోతాయి. పోలిక పడిపోయి అసలు జన్యువు పెరిగినట్టు లెక్క వస్తుంది. జబ్బుతో సంబంధం లేదు, అంతా బ్లాకు వయసు. అన్ని తునకలూ వందలోపు, ఇంచుమించు ఒకే పొడవు ఉండేలా వాటిని పట్టే ప్రైమర్లు చేయించుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. డీఎన్‌ఏను ముందే పూర్తిగా తొలగించాలి కూడా. గ్యాప్‌డీహెచ్‌కూ యాక్టిన్‌కూ జీనోమ్‌లో నకిలీ ప్రతులు బోలెడున్నాయి, డీఎన్‌ఏ మిగిలితే అవీ లెక్కలో కలిసిపోతాయి.

అసలు పరీక్ష మొదలెట్టకముందే పాత బ్లాకులు కొన్ని, కొత్తవి కొన్ని, గడ్డ పక్కనున్న మామూలు కణజాలం కొంత తీసుకుని, పది దాకా జన్యువులను వాటి మీద పోటీకి పెట్టాలి. 2002లో బెల్జియంవాళ్ళు ఇచ్చిన జీనార్మ్ లెక్క ఒకదానికొకటి పొంతన లేకుండా ఊగే జన్యువులను ఒక్కొక్కటిగా తీసేస్తుంది. దానికో బలహీనత ఉంది. రెండు జన్యువులు చేతులు పట్టుకుని కలిసి ఊగితే రెంటినీ స్థిరమైనవని నమ్మేస్తుంది. అందుకే రైబోజోమ్ కుటుంబం నుంచి ఒక్కదాన్నే పోటీకి దించమంటాను. ఆ తర్వాత గడ్డ బ్లాకులను, మామూలువాటిని విడదీసి చూసే నార్మ్‌ఫైండర్ అనే ఇంకో లెక్కతో మరోసారి సరిచూడమంటాను. వారం పోతుందని పిల్లలు మొహాలు ముడుచుకుంటారు.