ధార ఆగకుండా

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయానికి ఆనుకొని కిందే ఉంటుంది, మూత్రనాళం దాని మధ్యలోంచే దిగుతుంది. అందుకే ఆ గ్రంథిలోని క్యాన్సర్‌కు రేడియేషన్ ఇస్తూ నాళాన్ని పూర్తిగా తప్పించడం కుదరదు. సాధారణంగా రెండు మూడు వారాలు గడిచేసరికి లోపలి పొర వాస్తుంది. మంట, ఆపుకోలేకపోవడం, రాత్రిళ్లు పదేపదే లేవడం మొదలవుతాయి.

వీటిని అదుపులో ఉంచే పని రోగి బల్ల ఎక్కకముందే మొదలవుతుంది. చాలాచోట్ల ముందు మూత్రం పోసి రమ్మని, కొలిచిన నీళ్లు తాగించి, కాసేపు కూర్చోబెడతారు. నిండేకొద్దీ మూత్రాశయం పైకి ఉబ్బుతుంది. దాని పైభాగం కిరణాల దారిలోంచి తప్పుకుంటుంది, పేగులను కూడా పైకి నెడుతుంది. ప్లానింగ్ స్కాన్ నాడు ఎంత నిండిందో రోజూ ఇంచుమించు అంతే నిండాలి. పడుకోబెట్టాక స్కాన్‌తో సరిచూస్తారు, చాలకపోతే దింపి ఇంకాసేపు ఆగమంటారు. మంచినీళ్లతో ఒక అవయవాన్ని పక్కకు జరిపే ఈ ఉపాయం నాకు ఎప్పటికీ అబ్బురమే.

ఇక మూత్ర ఇబ్బందులను మార్కుల్లో కొలిచే ఐపీఎస్ఎస్ ఫారం. ఇందులో 7 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు. నాలుగు ప్రశ్నలు ధార గురించి: సన్నబడిందా, ఆగి ఆగి వస్తోందా, ముక్కాల్సి వస్తోందా, పోశాక కూడా మిగిలినట్టుందా. మూడు నిల్వ గురించి: ఎన్నిసార్లు, ఎంత తొందర, రాత్రి ఎన్నిసార్లు లేచారు. నాళం బిగుసుకుందా, మూత్రాశయం చికాకుపడుతోందా అన్నది ఈ విభజనలోనే తేలడం మొదలవుతుంది. చికిత్సకు ముందే ఒకసారి నింపించకపోతే తర్వాత పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

మందుకు ముందు మూత్రపరీక్షతో ఇన్ఫెక్షన్ లేదని చూసుకోవాలి. ధార తగ్గితే తరచుగా ఇచ్చేది టామ్సులోసిన్. మూత్రాశయం మెడ దగ్గర, ప్రోస్టేట్‌లో ఉన్న కండరాన్ని అది వదులు చేస్తుంది. గ్రంథి సైజు తగ్గదు, దారి మాత్రం తెరుచుకుంటుంది. కళ్లు తిరగవచ్చు కాబట్టి మంచం మీంచి నెమ్మదిగా లేవాలి. కంటిశుక్లం ఆపరేషన్ ఉంటే ఈ మందు వాడుతున్నామని కంటి డాక్టరుకు ముందే చెప్పాలి.

తొందరకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ లాంటి మందులు దారిని కాక, మూత్రాశయ కండరాన్ని శాంతింపజేస్తాయి. దారి మూసుకుపోతున్న మనిషికి ఇస్తే మూత్రం పూర్తిగా నిలిచిపోవచ్చు. మంచి డాక్టరు అందుకే మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసౌండ్‌లో చూశాకే చీటీ రాస్తారు. ఆ రెండు నిమిషాల కొలతలోనే అసలు నేర్పంతా ఉంది.

కాఫీ, టీ తగ్గించాలి. మంటకు భయపడి నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి ఇంకా మండుతుంది. పగలు తాగి, సాయంత్రం తగ్గించుకోవాలి. కడుపు ఉబ్బి చుక్క కూడా రాకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, గొట్టం వేస్తారు. రేడియేషన్ ముగిసిన కొన్ని వారాలకు చాలామందిలో వాపు తగ్గుతుంది. మందు ఎప్పుడు ఆపాలో అప్పుడు అదే ఫారం మళ్లీ నింపించి, పాత మార్కుల పక్కన పెట్టి చూసి నిర్ణయిస్తారు.