మొరాయించిన పురుగులు, మూతిలేని కుక్క

స్టాప్ మోషన్ సినిమా తీయాలని ఉబలాటపడే కుర్రకారు చాలామంది ఐడియా దగ్గరే ఆగిపోతారు. మంచి కథ తట్టాలి, ఆ తర్వాతే కెమెరా అనుకుంటారు. ఈ కళ చరిత్రలో మాత్రం వస్తువు మొండికేసినప్పుడే కొత్త దారులు దొరికాయి.

లాడిస్లాస్ స్టారెవిచ్ సంగతే చూడండి. లిథువేనియాలోని కౌనస్ మ్యూజియంలో పనిచేసేవాడు. పురుగులంటే ప్రాణం. దుప్పికొమ్ముల్లాంటి దవడలున్న మగపురుగుల కొట్లాటను 1910 ప్రాంతంలో ఫిల్ము మీదికి ఎక్కించబోయాడు. అవేమో చీకట్లో తిరిగే జీవాలు. లైట్లు వెయ్యగానే బిగుసుకుపోయాయి. స్టారెవిచ్ వదల్లేదు. చచ్చిన పురుగుల కాళ్లు తీసేసి, ఆ చోట సన్నని తీగలు పెట్టి లక్కతో అతికించాడు. కాలు పిసరంత జరపడం, ఒక ఫ్రేమ్ తీయడం. మళ్లీ జరపడం, మళ్లీ తీయడం. తెర మీద పురుగులు లేచి కలబడ్డాయి! వాటికి శిక్షణ ఇచ్చారని నమ్మినవాళ్లూ ఉన్నారు.

1912లో ఆయన తీసిన ‘ద కెమెరామన్స్ రివెంజ్’లో, తూనీగ నర్తకిని తన్నుకుపోయిన పురుగు మీద ఓ మిడత పగ తీర్చుకుంటుంది. సరిగ్గా 100 ఏళ్లకు, 2012లో, తెలుగు తెర మీద రాజమౌళి ‘ఈగ’ పగబట్టింది. అది చేత్తో కదిపింది, ఇది గ్రాఫిక్స్. అయినా ముఖంలో భావం పలకని ప్రాణికి ఒళ్లంతా నటన నేర్పాల్సిన కష్టం రెండు చోట్లా ఒకటే.

దాదాసాహెబ్ ఫాల్కే కూడా స్టారెవిచ్ రోజుల్లోనే కుండీలో బఠానీ నాటి, రోజూ కాస్త కాస్త ఫిల్ము తీశాడు. మొక్క కళ్లముందే ఎదగడం చూపించి ‘రాజా హరిశ్చంద్ర’కు అప్పు పుట్టించుకున్నాడు.

ఇక గ్రోమిట్. యానిమేటర్ నిక్ పార్క్ 1989 నాటి ‘ఎ గ్రాండ్ డే ఔట్’ కోసం ఈ మట్టి కుక్కకు మొదట నోరూ మాటా ఇవ్వాలనుకున్నాడు. తీరా షూటింగులో బొమ్మ మూతి దాకా చేతులు పోవడమే గగనమైంది. కనుబొమ్మ దగ్గరి మట్టిని కాస్త పైకి నొక్కితే ఆశ్చర్యం, కిందికి నొక్కితే చిరాకు. అంతే, నోటితో పనే లేకపోయింది. యానిమేషన్‌లో ఇంత గొప్ప మూగనటుడు మరొకడు లేడనిపిస్తుంది. ఆ కుక్క నటించిన ‘ద రాంగ్ ట్రౌజర్స్’, ‘ఎ క్లోజ్ షేవ్’ రెండూ ఆస్కార్ గెలిచాయి. నోరు సులువుగా అందివుంటే ఆ కనుబొమ్మ పుట్టేదే కాదు.

కాబట్టి కథ కుదరలేదని కూర్చోకండి. అగ్గిపుల్లో, గిన్నె మూతో, ఇంట్లో ఏది ఉంటే దాన్ని బల్ల మీద పెట్టండి. ఫోన్ కదలకుండా టేపుతో బిగించండి. సెకనుకు 12 ఫోటోలు చాలు, 10 సెకన్ల సినిమాకు 120. కిటికీలు మాత్రం మూసేసి ఒకే దీపం కింద తీయండి. ఎండ మారితే బొమ్మ మిణుకుమిణుకుమంటుంది.